జిర్కాన్, జిర్కోనియా ఒకటి కాదండీ

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో నగల గురించి ఒక పేజీ వేశారు. ఫోటోలు బాగున్నాయి, ధరలు కూడా ఉన్నంతలో సరిగానే ఇచ్చారు. కానీ రెండో కాలమ్‌లో జిర్కాన్‌నే క్యూబిక్ జిర్కోనియా అంటారని, దానికే అమెరికన్ డైమండ్ అని ఇంకో పేరని రాసేశారు. అచ్చుతప్పయితే నవ్వుకుని పక్కన పెట్టేవాణ్ణి. ఇది అచ్చుతప్పు కాదు, వేరే వేరే వస్తువుల్ని తెచ్చి ఒకే మూటలో కట్టడం. పైగా ఇదే మాట నెల కిందట ఒక షాపువాళ్ళు మా కోడలికి చెప్పి కమ్మలు అంటగట్టారు, ఆ మంట ఇంకా చల్లారలేదు, అందుకని ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేనేమీ ప్రొఫెసర్ని కాదు. ఒక యూనివర్సిటీ జియాలజీ ల్యాబ్‌లో 31 ఏళ్ళు రాళ్ళు కోసి స్లైడులు చేసే ఉద్యోగం చేశాను. రాతి ముక్కని డైమండ్ బ్లేడుతో కోసి, గాజు పలక మీద కార్బొరండం పొడి, నీళ్ళు వేసి చదును చేసి, గాజు స్లైడుకి అంటించి, మళ్ళీ అరగదీసి అరగదీసి 0.03 మిల్లీమీటర్ల మందానికి తేవాలి, అప్పుడు రాయిలోంచి వెలుతురు దూరి మైక్రోస్కోపులో కనిపిస్తుంది. ఆ పొడితో నా వేళ్ళ కొసలు ఎంత అరిగాయంటే, ఆఫీసులో బయోమెట్రిక్ హాజరు పెట్టాక మెషిన్ నా వేలిముద్ర తీసుకునేది కాదు, రోజూ రిజిస్టర్లో సంతకం పెట్టించుకునేవాళ్ళు. ఎందుకు చెబుతున్నానంటే, ఈ విషయం నేను పుస్తకంలో చదివి రాయడం లేదు, చేత్తో పట్టుకుని తెలుసుకున్నాను.

ఇక కమ్మల సంగతి. బిల్లు మీద జిర్కాన్ అని ఉంది. షాపులో అబ్బాయిని అడిగితే "ఒరిజినల్ జిర్కాన్ మేడం, ఏడీ అంటే ఇదే" అన్నాడట, ఏడీ అంటే అమెరికన్ డైమండ్‌కి వాళ్ళ పొట్టి పేరు. ఇంటికొచ్చాక "మావయ్యా, మీరోసారి చూడండి" అని మా కోడలు నా చేతిలో పెట్టింది. నా పాత భూతద్దం తీశాను, పది రెట్లు పెద్దగా చూపించేది. రాయి పైన చదునుగా ఉన్న పలకలోంచి లోపలికి, అడుగున కలుసుకునే అంచుల వైపు చూడాలి. అసలైన జిర్కాన్ అయితే ఆ అంచు ఒక్కోటి రెండేసి గీతలుగా కనిపిస్తుంది, కళ్ళు బైర్లు కమ్మినట్టు. జిర్కాన్‌లోకి వెళ్ళిన వెలుతురు రెండు పాయలుగా చీలుతుంది, అదీ కారణం. ఒక దిక్కు నుంచి చూస్తే మాత్రం చీలదు కాబట్టి రాయిని అటూ ఇటూ వంచి చూడాలి. నేను పది నిమిషాలు వంచి వంచి చూశాను. ఎటు చూసినా ఒక్కటే గీత, కత్తితో గీసినట్టు. అంటే క్యూబిక్ జిర్కోనియా అనుకున్నాను. గాజులోనూ ఒకటే గీత ఉంటుందనుకోండి, కానీ గాజుకి అంత మెరుపు, అంత రంగుల చిందులాట ఉండవు. (మాయిసనైట్ అనే ఇంకో రాయి ఉంది, దానిలోనూ గీతలు రెండుగా కనిపిస్తాయి, కనుక రెండు గీతలు కనిపించగానే జిర్కాన్ అని ఎగిరి గంతెయ్యకండి.)

జిర్కాన్ అంటే నేలలో పుట్టిన ఖనిజం. జిర్కోనియం, సిలికాన్, ఆక్సిజన్ మూడూ కలిసిన జిర్కోనియం సిలికేట్. బరువులో దాదాపు సగం జిర్కోనియమే. నీటి కంటే 4.6, 4.7 రెట్లు బరువు. కాఠిన్యం, వజ్రానికి 10 వేసే లెక్కలో, 7.5 దాకా ఉంటుంది, కానీ పెళుసు, వాడగా వాడగా అంచులు చిట్లుతాయి, అందుకే పాతకాలం వ్యాపారులు ఒక్కో రాయిని విడివిడిగా కాగితంలో చుట్టేవాళ్ళు. శ్రీలంకలో మాతర ఊరి పేరు మీద తెల్ల జిర్కాన్‌ని మాతర వజ్రం అని అమ్మేవాళ్ళు. మన దగ్గర జాతకాలు చూసేవాళ్ళు వజ్రం కొనే స్తోమత లేనివాళ్ళకి శుక్రుడి కోసం తెల్ల జిర్కాన్ పెట్టుకోమంటారు. పెట్టుకోవడం, మానుకోవడం వాళ్ళిష్టం, కానీ ఆ పేరుతో ఫ్యాక్టరీ రాయి ఇస్తే ఆ జాతకం సంగతేమిటో వాళ్ళే చెప్పాలి.

క్యూబిక్ జిర్కోనియా అది కాదు. దానిలో సిలికాన్ ఊసే లేదు, ఉన్నది జిర్కోనియం, ఆక్సిజన్, కుదురుగా నిలవడానికి కాస్త యిట్రియమో కాల్షియమో కలిపిన ఆక్సైడు. ఫ్యాక్టరీలో కరిగించి పెంచుతారు. 1970ల్లో మాస్కోలో లెబెదేవ్ ఫిజిక్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పెద్ద స్ఫటికాలు పెంచే పద్ధతి సాధించారు, సంస్థ పేరులోని పొడి అక్షరాల నుంచే అక్కడ దానికి ఫియానిట్ అని పేరు పెట్టుకున్నారు. 1976 నుంచి బజారులోకి వచ్చింది. కాఠిన్యం 8 నుంచి 8.5, బరువు నీటికి 5.6 నుంచి 6 రెట్లు. వజ్రం 3.5 రెట్లే. అంటే ఒకే సైజు రాళ్ళు రెండు అరచేతిలో పెట్టుకుంటే వజ్రం కంటే ఇదే బరువు. నగలో బిగించాక ఆ పరీక్ష కుదరదు, విడి రాళ్ళయితే చిన్న తక్కెడ చాలు.

ఇక్కడితో ఆపితే ఇది షాపు గొడవ ఉత్తరం. నేను రాయాలనుకున్నది మూడోదాని గురించి, మీ వ్యాసంలో పేరు కూడా రానిదాని గురించి. జిర్కోనియం ఆక్సైడు ఫ్యాక్టరీలోనే కాదు, నేలలోనూ పుడుతుంది. చాలా అరుదుగా. దాని పేరు బాడెలీయైట్. పలకడం కష్టం. మా ల్యాబ్ అటెండరు దాన్ని "బాదంలైటు" అనేవాడు. మొదట్లో నవ్వేవాళ్ళం, తర్వాత మైక్రోస్కోపులో చూస్తే రంగు అచ్చం బాదం పొట్టు రంగే, అప్పట్నుంచి నాకూ అదే పేరు నోట్లో ఆడుతుంది.

శ్రీలంకలో రక్వాన దగ్గర రత్నాల కంకరలో దొరికిన ముక్కల్ని జోసెఫ్ బాడెలీ అనే ఆయన లండన్ చేర్చాడు. అక్కడి బ్రిటిష్ మ్యూజియంలో లాజరస్ ఫ్లెచర్ 1892లో వాటిని పరీక్షించి ఆయన పేరే పెట్టాడు. చిత్రంగా అదే రోజుల్లో బ్రెజిల్‌లో జకుపిరంగా దగ్గర యూజెన్ హుస్సాక్‌కి ఇదే ఖనిజం దొరికింది, ఆయన బ్రెజిలైట్ అన్నాడు. రెండూ ఒకటేనని తేలాక బాడెలీ పేరు నిలిచింది.

దీన్ని చేత్తో గుర్తుపట్టడం నిజంగా కష్టం. పెద్ద స్ఫటికమైతే పలకలా చదునుగా, గోధుమ రంగు నుంచి నలుపు దాకా, నూనె రాసినట్టు జిడ్డు మెరుపుతో ఉంటుంది. ఇల్మనైటో, రూటైలో, కొలంబైటో అనుకుని పక్కన పడేసేవాళ్ళే ఎక్కువ. గరుకు పింగాణీ పలక మీద గీస్తే తెల్లగానో, లేత గోధుమగానో గీత పడుతుంది, నల్ల గీత పడితే అది కాదు. కాఠిన్యం 6.5, అంటే క్వార్ట్జ్ ముక్కతో దీని మీద గీత పెట్టొచ్చు, జిర్కాన్ మీద అంత తేలిగ్గా పెట్టలేం. గాలిలో దుమ్ములో ఉండేదే క్వార్ట్జ్ కాబట్టి దీన్ని సాన పట్టి ఉంగరంలో పెట్టాలనే ఆశ ఎవరికీ లేదు. బరువు నీటికి 5.4 నుంచి 6 రెట్లు, అరచేతిలో పడగానే ఆ బరువు తెలుస్తుంది. కరగాలంటే 2,700 డిగ్రీల దాకా వేడి కావాలి, అందుకే కొలిమి ఇటుకల్లో, మూసల్లో వాడతారు. జిర్కోనియం దీనిలో 74 శాతం.

మరి ఫ్యాక్టరీ రాయీ ఇదీ ఒకే ఆక్సైడు అయితే ఒకటి వజ్రంలా, ఇంకోటి బాదం పొట్టులా ఎందుకున్నాయని మా మనవడు అడిగాడు, మంచి ప్రశ్నే. రంగు సంగతికొస్తే నేలలో పుట్టినదానిలో ఇనుము లాంటివి కలుస్తాయి. అసలు తేడా లోపలి కట్టుబడిలో ఉంది. కల్తీ లేని జిర్కోనియం ఆక్సైడుని బాగా వేడి చేస్తే, 2,370 డిగ్రీలు దాటాక, దాని అణువులు పాచికలాంటి ఘనాకారంలో సర్దుకుంటాయి. చల్లారుస్తూ వస్తే ఆ ఆకారం నిలవదు, ఒకసారి మారుతుంది, సుమారు 1,170 డిగ్రీల దగ్గర మళ్ళీ మారి, అప్పుడు ఒక్కసారిగా నాలుగైదు శాతం ఉబ్బుతుంది. కాల్చిన సున్నపురాయి మీద నీళ్ళు చల్లితే ఉబ్బి పగిలి పిండవుతుంది చూడండి, అలాంటి తంటా. యిట్రియం కలిపితే ఘనాకారం చల్లారాక కూడా అలాగే ఉండిపోతుంది, పగలదు. మీ క్యూబిక్ జిర్కోనియాలో క్యూబిక్ అంటే అదీ. ఏమీ కలపకపోతే మామూలు వేడి దగ్గర చివరికి మిగిలే ఆకారం బాడెలీయైట్‌దే.

ఎక్కడ దొరుకుతుందనేది ఒక్క మాటతో తేలుతుంది, సిలికా, అంటే సిలికాన్, ఆక్సిజన్ కలిసినది, ఎక్కడ కరువో అక్కడ. కరిగిన రాతిలో సిలికా దండిగా ఉంటే జిర్కోనియం దానితో కలిసి జిర్కాన్ అయిపోతుంది. గ్రానైట్లలో జరిగేది అదే. సిలికా చాలని రాళ్ళల్లో, కార్బొనటైట్లలో (కరిగిన కార్బొనేట్లు గడ్డకట్టిన రాళ్ళు), కొన్ని నల్ల రాళ్ళల్లో మాత్రం ఇది ఆక్సైడుగా మిగిలిపోతుంది. తర్వాతెప్పుడైనా సిలికా ఉన్న వేడినీళ్ళు తగిలితే అంచుల నుంచి జిర్కాన్‌గా మారుతూ వస్తుంది, స్లైడులో చూస్తే గోధుమ రంగు గింజ చుట్టూ తెల్లటి అంచు, జాకెట్టుకి పైపింగ్ వేసినట్టు. గనిగా తవ్వేంత దొరికిన చోట్లు ప్రపంచంలో రెండే ముఖ్యం, దక్షిణాఫ్రికాలో ఫలబోర్వా, రష్యాలో కోలా ద్వీపకల్పం మీద కోవ్‌డోర్. ఫలబోర్వాలో రాగి తవ్వుతూ, కోవ్‌డోర్‌లో ఇనుప ఖనిజం తవ్వుతూ పక్కనుంచి దీన్నీ ఏరుకున్నారు. ఫలబోర్వాలో అది ఆగిపోయింది.

మనకి బాడెలీయైట్ గనులు లేవు. మనకున్నది జిర్కాన్ ఇసుక. భీమిలి బీచ్‌లో అల వెనక్కి పోయాక ఇసుక మీద నల్లటి చారలు, వాటి పక్కన ఎర్రటి చారలు మిగులుతాయి, పిల్లలు అందులో బొమ్మలు గీస్తుంటారు. నలుపు ఇల్మనైటు, ఎరుపు గార్నెట్టు, మధ్యలో తళుక్కుమనే గింజల్లో జిర్కాన్ ఉంటుంది. మన దేశపు తీరాల నుంచి అలా వేరు చేసిన జిర్కాన్ ఇసుకే హైదరాబాద్‌లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కి ముడి సరుకు. 1971లో పెట్టిన ఆ సంస్థలో ఆ ఇసుకని ఆక్సైడు చేసి, దానితో అంటిపెట్టుకుని ఉండే హాఫ్నియం అనే లోహాన్ని విడదీసి (హాఫ్నియం న్యూట్రాన్లని మింగేస్తుంది, ఇంధనం గొట్టాల్లో అది పనికిరాదు), జిర్కోనియం లోహం తీసి, యురేనియం ఇంధనం పెట్టే గొట్టాలు చేస్తారు. ఒక పేజీ నిండా జిర్కాన్ గురించి రాసి ఈ సంగతి ఒక్క ముక్క కూడా వేయకపోవడం నాకు బాధనిపించింది, కమ్మలే కనిపించాయా అని.

అయితే గనులు లేకపోయినా బాడెలీయైట్ మన ఊళ్ళల్లో లేదనుకోకండి. ఇదీ నేను చెప్పాలనుకున్న అసలు సంగతి.

అనంతపురం నుంచి పెనుకొండ వైపు బస్సులో పోతుంటే గ్రానైట్ గుట్టల మధ్య కొన్ని చోట్ల నల్లటి బండలు వరసగా, ఎవరో గోడ కట్టి పడగొట్టినట్టు, చేలకి అడ్డంపడి పోతుంటాయి. భూమి చీలిన సందుల్లోకి కింద నుంచి కరిగిన రాయి తన్నుకొచ్చి గడ్డకట్టినవి అవి, డైకులంటారు. రాయి పేరు డోలరైటు. నున్నగా మెరుగు పెడితే బజారులో బ్లాక్ గ్రానైట్, మీ వంటింటి గట్టు మీద ఉన్నదీ అదే కావచ్చు. ఆ రాయి వయసెంత అని అడిగితే ఎన్నో ఏళ్ళు సరైన జవాబు లేదు. గ్రానైట్‌కైతే జిర్కాన్ ఉంది, దానిలోని యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచి వయసు చెప్పేస్తారు. డోలరైట్‌లో జిర్కాన్ దొరకడం కష్టం, దొరికినా నమ్మలేం, పైకి వచ్చే దారిలో పాత గ్రానైట్‌లోంచి ఊడి కలిసిన గింజ కావచ్చు, అప్పుడు తాత వయసు తెచ్చి మనవడికి రాసినట్టవుతుంది. బాడెలీయైట్‌తో ఆ పేచీ లేదు. అది ఆ నల్ల రాయి గడ్డకట్టే చివరి దశలో అక్కడే పుడుతుంది. పుట్టేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కనుక ఈ రోజు లోపల ఉన్న సీసం దాదాపు అంతా ఆ యురేనియం అరిగి తయారైందే.

ఆ గింజని పట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. డైకు అంచున రాయి త్వరగా చల్లారి ఉంటుంది, సన్న రవ్వ, అందులో వెతకడం దండగ. నడిమిలో నెమ్మదిగా చల్లారిన గరుకు రాయి కావాలి. స్లైడు చేసేటప్పుడు మామూలుగా క్వార్ట్జ్ రంగు చూసి ఇక అరగదీయడం చాలని ఆపుతాం, డోలరైట్‌లో క్వార్ట్జ్ దాదాపు ఉండదు, ఫెల్‌స్పార్ బూడిద రంగుకి తిరిగే దాకా చూసుకుని ఆపాలి, ఒక్క నిమిషం ఎక్కువైతే రాయి మొత్తం స్లైడు మీంచి లేచిపోతుంది, అలా ఎన్ని పాడుచేశానో. ఆ తర్వాత మైక్రోస్కోపులో తెల్లటి ఫెల్‌స్పార్ పుల్లలు, వాటి మధ్య పైరాక్సీన్, నల్లటి ఇల్మనైటు ముక్కలు, వాటి పక్కన ఎక్కడో సన్నటి గోధుమ రంగు రేకు. మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. మందంగా కాటుక పెట్టినట్టు అంచు, స్టేజీ తిప్పితే గోధుమ రంగు ముదిరి, తేలి, మళ్ళీ ముదురుతుంది.

అదేనా కాదా అని తేల్చడానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టేవాళ్ళు. చుట్టూ ఉన్నవన్నీ మసకగా ఉంటే ఇది తెల్లగా వెలుగుతుంది. గింజలో ఏ మూలకం ఉందో మెషిన్ గీసే గీతలో దాని చోట ఒక ముల్లు లేస్తుంది, దాన్ని పీక్ అంటారు. జిర్కోనియం పీక్ ఉండాలి, సిలికాన్ పీక్ ఉండకూడదు. సిలికాన్ ఉంటే జిర్కాన్. ఒక చిక్కుంది, ఫాస్ఫరస్ పీక్ కూడా జిర్కోనియం దగ్గరే వస్తుంది, తొందరపడితే ఫాస్ఫరస్, కాల్షియం ఉన్న అపటైట్ అనే ఖనిజాన్ని చూసి పండగ చేసుకుంటారు, పక్కన కాల్షియం పీక్ ఉందో లేదో చూసుకోవాలి. ఒక పరిశోధక విద్యార్థి అలాగే పండగ చేసుకుని క్యాంటీన్‌లో అందరికీ టీలు ఇప్పించాడు, సాయంత్రానికి మొహం వేలాడేసుకుని వచ్చాడు. టీ మాత్రం బాగుంది.

అలాంటి గింజలతోనే పెనుకొండ, చెన్నేకొత్తపల్లి డైకుల వయసు తేలింది. దాదాపు 236 కోట్ల ఏళ్ళు. కర్ణాటకలో బెంగళూరు వైపున్న హారోహళ్ళి డైకుదీ ఇంచుమించు అదే వయసు. అంటే ఇవన్నీ విడివిడి గోడలు కావు, ఒకే దెబ్బకి దక్షిణాదిన ఇంత మేర నేల చీలి, ఒకేసారి నిండినవి. ఇంకోటి, పులివెందుల దగ్గర కడప రాళ్ళ పొరల మధ్యలోకి చాపలా దూరిన నల్ల రాయి ఉంది, సిల్ అంటారు. కెనడాలో అల్బర్టా యూనివర్సిటీ వాళ్ళు, బెనారస్ హిందూ యూనివర్సిటీ ఆచార్యుడు కలిసి 2008లో దాని బాడెలీయైట్‌ని కొలిచి 188 కోట్ల 50 లక్షల ఏళ్ళని ప్రకటించారు, తేడా వస్తే అటూ ఇటూ 30 లక్షలే. బస్తర్‌లోని డైకుల వయసు దీనికి సరిపోయింది, అటు ఛత్తీస్‌గఢ్ నుంచి ఇటు కడప దాకా ఒకే అగ్గి. ఇలాంటి సిల్లులే సున్నపు పొరల్ని తాకిన చోట బ్రాహ్మణపల్లి రాతినార (ఆస్బెస్టాస్) పుట్టింది. ఆ రాతినార గనుల గురించి మీ పేపర్లోనే ఎన్నోసార్లు చదివాను, దాన్ని పుట్టించిన నల్ల రాయి వయసు ఒక్కసారీ చదవలేదు.

కాబట్టి నా విన్నపం ఏమిటంటే, వచ్చే ఆదివారం సవరణ వేయండి. మీకు పని తగ్గిద్దామని నేనే రాసిస్తున్నాను: జిర్కాన్ నేలలో దొరికే జిర్కోనియం సిలికేట్, క్యూబిక్ జిర్కోనియా ఫ్యాక్టరీలో పెంచిన జిర్కోనియం ఆక్సైడు, అమెరికన్ డైమండ్ అని షాపుల్లో అమ్మేది రెండోదాన్ని, ఆ ఆక్సైడే నేలలో పుడితే బాడెలీయైట్, అది నగల్లోకి రాదు. ఇంతే, నాలుగు లైన్లు. వీలైతే మీ జిల్లా పేజీ విలేకరిని పెనుకొండ దారికి పంపి ఆ నల్ల బండల వరస ఫోటో ఒకటి వేయండి. క్వారీల వాళ్ళు ముందు తీసుకునేది గరుకు రాయి ఉన్న ఆ నడిమి బండల్నే, ఫోటోకి ఏదైనా మిగిలుండగానే వెళ్ళమనండి.

ఇట్లు,
రాళ్ళు కోసి రిటైరైన మీ పాఠకుడు,
ధర్మవరం.

తా.క. ఉత్తరం కవర్లో పెట్టేలోపు మా కోడలు మళ్ళీ ఆ షాపుకి వెళ్ళొచ్చింది. భూతద్దం కూడా పట్టుకెళ్ళింది. షాపు ఓనరు అందులోంచి చూసి, కాసేపు ఏమీ మాట్లాడకుండా, పాత బిల్లు చింపి కొత్త బిల్లు మీద సీజెడ్, అంటే క్యూబిక్ జిర్కోనియా, అని రాసిచ్చాడట. డబ్బు సంగతి అడిగితే, "పండక్కి రండమ్మా, మజూరీలో తగ్గిస్తాం" అన్నాడట.